ఇంటి నాస్‌లో సర్టిఫికెట్ రెన్యూ కానప్పుడు

ఇంటిల్లిపాది ఫొటోలు, పెళ్లి వీడియోలు, పట్టాదారు పాస్‌పుస్తకాల స్కాన్ కాపీలు, పిల్లల మార్కుల మెమోలు ఒకేచోట భద్రంగా ఉండాలని నాస్ కొనుక్కునే కుటుంబాలు మన దగ్గర కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. వైఫై రౌటర్ పక్కన పెట్టుకునే చిన్న పెట్టె అది. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులుంటాయి. సైనాలజీ, క్యూనాప్ అనే తైవాన్ కంపెనీల పెట్టెలు చాలామందికి తెలిసినవే. ఒకసారి సరిగ్గా అమర్చుకుంటే, విజయవాడ ఇంట్లో ఉన్న ఆల్బమ్‌ను హైదరాబాద్ హాస్టల్లో ఉన్న అబ్బాయీ చూడొచ్చు, డాలస్‌లో కాపురముంటున్న అమ్మాయీ చూడొచ్చు.

అలా నెలల తరబడి తెరుచుకున్న ఆల్బమ్ ఒకరోజు తెరుచుకోదు. బ్రౌజర్‌లో ఎర్రటి గుర్తు వస్తుంది, మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదని రాసి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ అన్న బటన్ నొక్కితే, హెచ్చరికను పక్కనబెట్టి లోపలికి వెళ్లే దారి చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఫోన్ చేసి అడిగిన పెద్దవాళ్లకు పిల్లలు ఆ దారే చెప్పేస్తుంటారు. ‘అమ్మా, అది మన పెట్టే కదా, ఏం కాదు, నొక్కెయ్’ అంటారు. దయచేసి ఈ సలహా ఇవ్వకండి.

పెట్టెకు గుర్తింపు కార్డు లాంటిది సర్టిఫికెట్. దాని గడువు తీరినంత మాత్రాన సమాచారం గుప్తంగా వెళ్లడం ఆగిపోదు, నిజమే. కానీ రైల్వే స్టేషన్లోనో హోటల్లోనో ఎవరైనా దొంగ వైఫై పెట్టి, మీ పెట్టె స్థానంలో తన కంప్యూటర్‌ను చూపించినా వచ్చేది ఇలాంటి తెరే. ఆ తెర రాగానే నొక్కి ముందుకెళ్లడం అలవాటైన మనిషికి రెండింటికీ తేడా తెలియదు. ఆ తర్వాత టైప్ చేసేది ఇంటి మొత్తానికి తాళంచెవి లాంటి పాస్‌వర్డ్. అందుకని హెచ్చరిక వచ్చినప్పుడు ఆగి, అది ఏం చెబుతోందో చదవాలి.

క్రోమ్ వాడేవాళ్లకు ఆ తెర మీద కింద బూడిద రంగులో ఒక చిన్న కోడ్ కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు, సగం సమాధానం అక్కడే ఉంటుంది. అందులో ‘సర్ట్ డేట్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటే తేదీ సమస్య: సర్టిఫికెట్ గడువు తీరింది, లేదా మీ ఫోన్లో గడియారం తప్పుగా ఉంది. ‘సర్ట్ కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటే పేరు సమస్య. ‘సర్ట్ అథారిటీ ఇన్‌వ్యాలిడ్’ అంటే ఆ సర్టిఫికెట్‌పై సంతకం చేసినవాళ్లను బ్రౌజర్ నమ్మడం లేదు.

పేరు సమస్య గురించి ఒక మాట. ఇంట్లో కూర్చుని 192.168తో మొదలయ్యే అంకెలు కొట్టి పెట్టెను తెరిచేవాళ్లకు ఈ హెచ్చరిక ఎప్పుడూ వస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చింది మీరు పెట్టుకున్న డొమైన్ పేరుకు. ఇంటి లోపలి అంకెలకు ఇవ్వలేదు, ఇవ్వరు కూడా. ఇది రెన్యువల్ చిక్కు కానే కాదు. డొమైన్ పేరుతో తెరిచి చూడండి. అప్పుడు హెచ్చరిక పోతే మీ సర్టిఫికెట్ నిక్షేపంగా ఉన్నట్టే. దీన్ని గమనించక బాగున్న సర్టిఫికెట్‌ను తీసేసి మళ్లీ మళ్లీ కొత్తది తెచ్చుకునేవాళ్లున్నారు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఇళ్లలో వాడే నాస్‌లకు ఎక్కువగా సర్టిఫికెట్ ఇచ్చేది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ. ఇది ఉచితం. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న జోష్ ఆస్, ఎరిక్ రెస్కోర్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్స్‌లీ, మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్ కలిసి దీనికి పునాది వేశారు. 2014 నవంబరులో ప్రకటించారు. 2015 సెప్టెంబరు 14న మొదటి సర్టిఫికెట్ ఇచ్చారు. అంతకుముందు నమ్మకమైన సర్టిఫికెట్ కావాలంటే సాధారణంగా ఏటేటా డబ్బు కట్టాలి, కాగితాల పని ఉండేది. ఇంట్లో వాడుకునేవాళ్లు అంత దూరం వెళ్లక, తామే సంతకం చేసుకున్న సర్టిఫికెట్‌తో, రోజూ ఆ హెచ్చరికతో సర్దుకునేవారు. పీటర్ ఎకర్స్‌లీ 2022లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఇవాళ ఒక మామూలు గృహస్థు రూపాయి ఖర్చు లేకుండా తన ఇంటి పెట్టెకు పెద్ద బ్యాంకు వెబ్‌సైటుకు ఉండేలాంటి గుప్తీకరణ పెట్టుకోగలుగుతున్నాడంటే ఆ నలుగురి పుణ్యం అందులో ఉంది.

ఈ సర్టిఫికెట్ 90 రోజులు పనిచేస్తుంది. గడువు ఇంకా 30 రోజులు ఉండగానే రెన్యువల్ చేసుకోవాలని సంస్థ చెబుతుంది. అది యంత్రాలు తమంతట తామే చేసుకునే పని. మీ సైనాలజీ పెట్టె మీకు చెప్పకుండానే అడుగుతుంది, వస్తే మార్చుకుంటుంది, రాకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ లెక్క ఒకసారి మనసులో పెట్టుకోండి. మీకు ఎర్ర తెర ఇవాళ కనిపించిందంటే, రెన్యువల్ ఆగిపోయింది ఇవాళ కాదు, దాదాపు నెల కిందట. దానికి కారణమైన మార్పు ఇంకా ముందే, రెండు మూడు నెలల వెనకే జరిగి ఉండొచ్చు. మనమేమో నిన్న ఏం చేశామా అని ఆలోచిస్తాం. ఆరా తీయడంలో దారి తప్పేది ఇక్కడే. ఇంతకుముందు రెండుమూడుసార్లు సక్రమంగా రెన్యూ అయిన సర్టిఫికెట్ ఇప్పుడు కాలేదంటే, ఈ మూడు నెలల్లో ఏదో మారింది. రౌటర్ మారిందా, నెట్ కనెక్షన్ మారిందా, ఫైర్‌వాల్‌లో ఏమైనా ముట్టుకున్నారా, కరెంటు పోయి వచ్చాక పెట్టె అంకెలు మారాయా? ముందు ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టండి.

ఏం మారి ఉంటుందో తెలియాలంటే రెన్యువల్ ఎలా జరుగుతుందో కొంచెం తెలియాలి. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆ చిరునామాలో ఆ మనిషి ఉన్నాడో లేదో చూడటానికి పోలీసు ఇంటికి వస్తాడు కదా, ఇదీ అంతే. మీ పెట్టె అడగ్గానే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక సంకేతం ఇచ్చి, దీన్ని మీ డొమైన్ పేరు మీద ఫలానా చోట పెట్టండి అంటుంది. తర్వాత తన కంప్యూటర్లతో బయటి నుంచి వచ్చి చూస్తుంది. వచ్చేది 80వ నంబరు పోర్ట్‌కి, అంటే ఆ నంబరున్న తలుపుకి. ఇంకో నంబరుకు రమ్మంటే రాదు. అక్కడ సంకేతం కనిపిస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఎవరూ పలకకపోతే తిరిగి వెళ్లిపోతుంది.

కాబట్టి వెతకాల్సింది బయటి ప్రపంచం నుంచి మీ పెట్టె దాకా ఉన్న దారిని. ఆ దారి తెరిచి ఉందో లేదో చూడటానికి సులువైన పరీక్ష ఉంది. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీదికి వెళ్లండి. బ్రౌజర్‌లో చివరి ఎస్ లేకుండా హెచ్‌టీటీపీ అని ముందు పెట్టి, మీ డొమైన్ పేరు కొట్టండి. ఏ పేజీ వచ్చినా ఫరవాలేదు, పేజీ దొరకలేదన్నా ఫరవాలేదు. మీ పెట్టె పలికిందంటే ఇక్కడి నుంచి దారి ఉంది. చాలాసేపు తిరిగి తిరిగి టైమ్ అవుట్ అన్నదంటే దారిలో ఎక్కడో మూసుకుపోయింది.

మూసుకుపోయే చోట్లలో మొదటిది రౌటర్. 80వ పోర్ట్‌కి వచ్చినవాళ్లను 192.168.1.10 అనే అంకెలున్న పెట్టె దగ్గరికి పంపమని మీరు రౌటర్‌లో రాసి ఉంటారు. వేసవిలో నాలుగుసార్లు కరెంటు పోయి వస్తుంది. రౌటర్ మళ్లీ లేచినప్పుడు పెట్టెకు 192.168.1.14 ఇస్తుంది, ఆ 10 ఏ టీవీకో పోతుంది. వచ్చినవాళ్లు టీవీ దగ్గరికి వెళ్లి నిలబడతారు. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది. పెట్టెకు ఎప్పుడూ ఒకే అంకెలు ఇచ్చే ఏర్పాటు అది, అయిదు నిమిషాల పని. నాస్ కొన్నరోజే చేసి పెట్టుకోవాలి.

రెండో చోటు మన చేతిలో లేనిది. ఫైబర్ నెట్ ఇచ్చే కంపెనీలు కొన్ని ఇళ్లకు విడివిడిగా పబ్లిక్ ఐపీ చిరునామా ఇవ్వవు. ఎన్నో ఇళ్లను ఒకే చిరునామా వెనక కూర్చోబెడతాయి. దీన్ని సీజీ నాట్ అంటారు. మీ ఇల్లు దాని వెనక ఉందో లేదో తెలుసుకోవాలంటే రౌటర్ పేజీలో వాన్ ఐపీ అన్నచోట చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీ నాట్ వెనకే ఉన్నట్టు. ఆ అంకెలను 2012లో దానికోసమే కేటాయించారు. 10తో మొదలైనా అదే అనుమానం, లేదా మీ రౌటర్ ముందు నెట్‌వాళ్ల ఫైబర్ బాక్సే ఇంకో రౌటర్‌లా పనిచేస్తూ ఉండొచ్చు. సీజీ నాట్ ఉన్నప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు, ఎందుకంటే బయటి నుంచి వచ్చినవాళ్లు మీ రౌటర్ దాకా రానే రారు. కనెక్షన్ కంపెనీ మార్చిన ఇళ్లలో రెన్యువల్ ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కొన్ని కంపెనీలు నెలకు కొంత తీసుకుని స్టాటిక్ ఐపీ ఇస్తాయి. అది ఇచ్చినా ఇళ్ల కనెక్షన్ల మీద 80వ పోర్ట్‌ను ఆపేసే కంపెనీలూ ఉన్నాయి, కాబట్టి డబ్బు కట్టేముందే ఆ మాట అడిగి తెలుసుకోండి.

ఐపీవీ6 దగ్గర ఇంకో మెలిక ఉంది. మీ డొమైన్ పేరు కింద ఐపీవీ6 చిరునామా కూడా నమోదై ఉంటే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు దానికే వెళుతుంది. ఎప్పుడో నమోదైన పాత ఐపీవీ6 చిరునామా అలాగే మిగిలిపోతే, మీ ఫోన్‌లో బాగానే తెరుచుకుంటుంది, వాళ్లకు మాత్రం దొరకకపోవచ్చు. వాడని ఐపీవీ6 నమోదును తీసేయడం మేలు.

ఇప్పుడు గుంటూరులో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింట్లో జరిగింది చెబుతాను. ఇంటర్నెట్ మీద నాస్‌లను వేటాడే ముఠాల గురించి చదివి ఆయన భయపడ్డారు. ఆ భయం ఉండాల్సిందే. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన క్యూనాప్ పెట్టెల్లో చొరబడి, ఫైళ్లకు తాళాలు వేసి బిట్‌కాయిన్లు అడిగింది. మాస్టారు తన సైనాలజీ పెట్టెలో ఫైర్‌వాల్ తెరిచి, ఇండియా నుంచి, అమ్మాయి ఉంటున్న అమెరికా నుంచి తప్ప ఇంకే దేశం నుంచీ ఎవరూ రాకూడదని నియమం పెట్టారు. అది జూలైలో. దసరాకు అమ్మాయి ఫోన్ చేసి ‘నాన్నా, ఫొటోలు తెరుచుకోవట్లేదు’ అంది. మొబైల్ డేటాతో చూస్తే 80వ పోర్ట్ పలుకుతోంది. రౌటర్ బాగుంది, పబ్లిక్ ఐపీ ఉంది. ‘మాస్టారూ, ఈమధ్య ఏమైనా మార్చారా?’ అంటే, ‘ఏమీ లేదండీ, ఎప్పుడో ఆషాఢంలో ఫైర్‌వాల్ పెట్టాను, దాని తర్వాత కూడా రెండు నెలలు బాగానే నడిచింది కదా’ అన్నారు.

పెట్టె లాగ్‌లో ఒక ముక్క దొరికింది: ‘డ్యూరింగ్ సెకండరీ వ్యాలిడేషన్’. ఆ వెంటనే టైమ్ అవుట్, బహుశా ఫైర్‌వాల్ సమస్య అని కూడా అక్కడే రాసి ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక్కచోటి నుంచి కాకుండా ప్రపంచంలో వేర్వేరు చోట్ల నుంచి వచ్చి చూస్తోంది. ఏదో ఒక దేశంలో నెట్‌వర్క్ దారి మళ్లించి, తమది కాని పేరుకు సర్టిఫికెట్ కొట్టేసే మోసగాళ్లను ఆపడానికి పెట్టిన జాగ్రత్త అది. అమెరికా నుంచి చూసినవాళ్లకు మాస్టారి పెట్టె పలికింది. మిగతా చోట్ల నుంచి వచ్చినవాళ్లను ఫైర్‌వాల్ ఆపేసింది. వాళ్లు ఏ ఐపీ చిరునామాల నుంచి వస్తారో సంస్థ బయటపెట్టదు, కాబట్టి వాళ్లను మాత్రమే రానిచ్చే నియమం రాయడం కుదరదు. చేసిన పరిష్కారం ఇదీ: 80వ పోర్ట్ ఒక్కదానికి అన్ని దేశాలనూ అనుమతించి, లోపలికి లాగిన్ అయ్యే 5001వ పోర్ట్‌కి పాత నియమాన్నే ఉంచడం. ఆ సాయంత్రమే సర్టిఫికెట్ వచ్చింది. ఫైర్‌వాల్ పెట్టిన రోజుకు సర్టిఫికెట్ కొత్తది, దాని గడువు అక్టోబరు దాకా ఉంది. అందుకే కారణానికీ ఫలితానికీ మధ్య రెండు నెలలకు పైగా దూరం వచ్చింది. మాస్టారు చేసిన పని మంచిదే, ఒక్క పోర్ట్‌కి మినహాయింపు ఇవ్వాలని ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

80వ పోర్ట్ తెరవడం అసలు ఇష్టం లేనివాళ్లకు, సీజీ నాట్ వెనక ఉన్నవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. నా ఓటు దీనికే. సంకేతాన్ని పెట్టెలో పెట్టే బదులు, డొమైన్ పేరు నమోదులో ఒక టెక్స్ట్ రికార్డుగా పెట్టడం. దీన్ని డీఎన్‌ఎస్ పద్ధతి అంటారు. అప్పుడు మీ ఇంటికి ఎవరూ రానక్కర్లేదు. సైనాలజీ వాళ్లే ఇచ్చే ఉచిత పేరు, చివర సైనాలజీ డాట్ మి అని ఉండేది తీసుకుంటే ఈ పనంతా పెట్టే చూసుకుంటుంది. సొంత డొమైన్ ఉన్నవాళ్లు యాక్మి డాట్ ఎస్‌హెచ్ అనే ఉచిత స్క్రిప్ట్ వాడుకోవచ్చు. దానికి డొమైన్ కంపెనీ ఇచ్చే టోకెన్ కావాలి. ఆ టోకెన్‌కు గడువు తీరినా, దాన్ని రద్దు చేసినా రెన్యువల్ ఆగుతుందని గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ రావడమే దీనితో తేలిక అవుతుంది. బయటి నుంచి ఆల్బమ్ చూడటానికి మాత్రం సీజీ నాట్ వెనక ఉన్నవాళ్లకు వేరే ఏర్పాటు ఉండాల్సిందే.

కొత్త సర్టిఫికెట్ వచ్చాక కూడా పాతదే కనిపించే సందర్భాలున్నాయి. కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ, అందులో సర్టిఫికెట్ తెరిస్తే కొత్త తేదీ పచ్చగా కనిపిస్తుంది, బ్రౌజర్ మాత్రం గడువు తీరిందంటుంది. అక్కడే సెట్టింగ్స్‌లో ఏ సర్వీసుకు ఏ సర్టిఫికెట్ అన్న పట్టిక ఉంటుంది. చేత్తో కొత్తది తెచ్చుకున్నప్పుడు ఫొటోల యాప్‌కో, వీపీఎన్‌కో పాతదే అతుక్కుని ఉండిపోతుంది. అక్కడ మార్చి సేవ్ చేస్తే సరి. ఒక్క పాత ఫోన్‌లోనే హెచ్చరిక వస్తూ మిగతా అన్నిటిలో బాగుంటే లోపం ఫోన్‌ది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇప్పటి మూల సర్టిఫికెట్ ఉండదు.

ఎంత కంగారుగా ఉన్నా రెన్యూ బటన్‌ను టకటకా నొక్కకండి. ఒక పేరుకు గంటలో అయిదుసార్లు పరీక్ష తప్పితే కాసేపు ఆపేస్తారు. అవే పేర్లతో సర్టిఫికెట్ వారానికి అయిదింటికి మించి ఇవ్వరు. పాతది తొలగించి మళ్లీ మొదటి నుంచి చేద్దాం అనుకునేవాళ్లు ఈ పరిమితికి తగులుకుని కొంతకాలం ఏ సర్టిఫికెట్టూ లేకుండా మిగులుతారు. ముందు దారి సరిచేసి, ఆ తర్వాత ఒక్కసారి నొక్కాలి.

పేరు పెట్టుకునేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్త కూడా చెప్పాలి. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ వివరాలూ బహిరంగ చిట్టాలో నమోదవుతాయి. ఎవరైనా వెతికి చూడొచ్చు. అందుకని నాస్ డొమైన్ పేరులో ఇంటిపేరు, వీధి పేరు, పుట్టిన సంవత్సరం పెట్టకండి. ఆ చిట్టా మీకూ ఉపయోగపడుతుంది: సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే సైటులో మీ డొమైన్ పేరు కొడితే, కొత్త సర్టిఫికెట్ అసలు జారీ అయిందో లేదో తెలిసిపోతుంది. జారీ అయితే లోపం పెట్టెలో, కాకపోతే దారిలో.

ఇదంతా ఇప్పుడే నేర్చుకోమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. గడువు దగ్గరపడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇదివరకు ఈమెయిల్ పంపేది. 2025 జూన్ 4 నుంచి అది ఆపేసింది. పైగా సర్టిఫికెట్ల గడువే తగ్గిపోతోంది. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం ప్రకారం 2029 మార్చి 15 నుంచి ఏ సర్టిఫికెట్టూ 47 రోజులు దాటకూడదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2028లోనే 45 రోజులకు వస్తామని చెప్పింది. అంటే చేత్తో రెన్యూ చేసుకుంటూ నెట్టుకొచ్చేవాళ్లకు ఇక కుదరదు.

నాస్ ఉన్నవాళ్లు ఇవాళే ఒక పని చేయండి. సర్టిఫికెట్ గడువు తేదీ చూసి, దానికి 25 రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు తేదీ తనంతట తాను ముందుకు జరిగి ఉంటే అంతా బాగున్నట్టు. జరగకపోతే సరిచేసుకోవడానికి మీ చేతిలో ఇంకా మూడు వారాలుంటాయి. రౌటర్‌లోనో ఫైర్‌వాల్‌లోనో ఏది మార్చినా తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఎర్ర తెర వస్తే ఏదీ నొక్కవద్దని, ముందు మీకు ఫోన్ చేయమని చెప్పండి.